ఆయన లేరు

ఆ రోజుకి పంతులమ్మ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. టిఫిను కాగానే వసారా గోడల మీద పెచ్చులు గీకించాలి. మధ్యాహ్నానికి మొదటి పూత రంగు వేయించాలి. సాయంత్రం పిల్లలందరి చేతా మొహాలు కడిగించి, ఆశ్రమంలోని ముసలివాళ్ళ పక్కన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నాలుగు పాటలు పాడించాలి. పరాయి దేశంలో క్రైస్తవ మిషన్ వాళ్ళు నడిపే వృద్ధాశ్రమంలో సేవ చేయడానికి కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన మనిషి, విమానం దిగిన మర్నాడు అంతకంటే పెద్ద ఆశలు పెట్టుకోలేదు. ఆ పథకంలో ఏడుపు లేదు. ముఖ్యంగా తన ఏడుపు అసలే లేదు.

ఏడుపు సంగతి ఆమె బయల్దేరేటప్పుడే తేల్చేసింది. బృందంలో అందరికంటే చిన్నపిల్లను తోటివాళ్ళు బుడ్డి అనేవారు. విమానాశ్రయంలో బుడ్డి వాళ్ళమ్మ కొంగు పట్టుకుని వదలకపోతే పంతులమ్మే వెళ్ళి వేళ్ళు విడదీసింది. "ఇంటి మీద బెంగ అన్న మాట ఈ మూడు వారాలూ నా చెవిన పడకూడదు. మనం సేవకి వెళ్తున్నాం. బెంగపడేవాళ్ళు ఇప్పుడే ఆటో ఎక్కి ఇంటికెళ్ళిపోవచ్చు" అంది. బుడ్డి ముక్కు తుడుచుకుని వచ్చి వరసలో నిలబడింది. మిగిలినవాళ్ళు అప్పటిదాకా కారుతున్న కన్నీళ్ళను ఎక్కడివక్కడ ఆపేశారు. పంతులమ్మ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆమె గదిలోకి వస్తే కుండీల్లో మొక్కలు కూడా నిటారుగా నిలబడతాయని పిల్లలు చెప్పుకునేవారు.

ఆమె భర్త టైలరు. కాలేజీ వీధి మలుపులో చిన్న దుకాణం, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. నోట్లో సూదులు పెట్టుకున్న మనిషి ఎంత మాట్లాడగలడో ఆయన అంతే మాట్లాడేవారు. సూదులు తీసేశాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరూ ఒక్క రాత్రయినా వేరువేరు ఊళ్ళలో పడుకోలేదు. అలాంటిది మూడు వారాలు వెళ్తున్నానని ఆమె చెబితే ఆయన "ఊఁ" అన్నారు. కొత్త చోటు కదా, ఎలా ఉంటుందో ఏమో అని ఆమె నసిగితే "సరే" అన్నారు. ఎవరివో పెళ్ళి జాకెట్లు ఆ పూటే ఇవ్వాలని విమానాశ్రయానికి కూడా రాలేదు. ఇక్కడ దిగగానే ఆమె ఫోన్ చేసింది. "దిగావా? సరే" అని పెట్టేశారు. ఆ 'సరే' పక్కన ఇంకొక్క ముక్క ఏదైనా వస్తుందేమోనని ఆమె కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున ఆమెను నిద్రలేపింది నిశ్శబ్దం. ఇంట్లో అయితే తెల్లవారేసరికి ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు మొదలవుతుంది. కాసేపు టకటకమని పరుగెత్తి, మలుపు దగ్గర ఆగి, మళ్ళీ పరుగెత్తుతుంది. ఆ చప్పుడు మీద రోజూ విసుక్కుంటూనే లేచేది. ఇక్కడ విసుక్కోవడానికేమీ లేదు. కిటికీలోంచి తెలియని రోడ్డు కనిపించింది. దాని మీద తెలియని మనుషులు తమ పనుల మీద తాము పోతున్నారు. పిల్లలింకా లేవలేదు. వేడినీళ్ళ కోసమని ఆమె వంటగదిలోకి వెళ్ళింది.

అక్కడ ఆశ్రమం వార్డెనమ్మ ఉంది. ఆమె భారీ మనిషి, నడుముకు తాళాల గుత్తి. మాట తెలియకపోయినా నవ్వుతో పలకరించి, పొయ్యి మీద టీ గిన్నె చూపించి, తీసుకోమని సైగ చేసింది. పంతులమ్మ టీ వడగట్టింది. ఒక గ్లాసులో పోసింది. పక్కనే ఇంకో గ్లాసు పెట్టి అందులోనూ పోసింది. గిన్నె దించి రెండు గ్లాసులూ చేతిలోకి తీసుకుని, ముందుగది వైపు తిరగబోయి, అక్కడ ముందుగది లేదని గుర్తొచ్చి ఆగిపోయింది. రెండో గ్లాసును ఏం చేయాలో ఆమెకు తోచలేదు. దాని వంక చూస్తూ చూస్తూ, కాలేజీ మొత్తాన్నీ హడలగొట్టే మనిషి వంటగది గట్టుకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే, పిల్లల్లో మాటలు తర్జుమా చేసే పని పడి దుబాసీ అనిపించుకున్నవాడు లోపలికొచ్చాడు. ఆ పొడుగాటి కుర్రాడు బయల్దేరే ముందు ఫోనులో పాఠాలు పెట్టుకుని ఆ దేశం భాష నేర్చుకున్నాడు. 'ఎర్ర గుర్రం నీళ్ళు తాగుతోంది', 'మా అత్తగారి గొడుగు బల్ల మీద ఉంది' లాంటి వాక్యాలు తడుముకోకుండా చెప్పగలడు. గుర్రాలూ గొడుగులూ లేని సంభాషణల్లోనే కాస్త ఇబ్బంది. వార్డెనమ్మ వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఏమైందో అడగమంది.

పంతులమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "ఏం లేదు. ఆయన లేరు కదా, అలవాటు కొద్దీ రెండో గ్లాసు పోసేశాను" అంది.

దుబాసీ ఆలోచించాడు. 'అలవాటు' అన్న మాట వాడి పాఠాల్లో రాలేదు. 'గ్లాసు' వచ్చింది గానీ గుర్తులేదు. గుర్తున్న రెండు మాటలూ జతచేసి, "భర్త. లేడు" అన్నాడు. వార్డెనమ్మ గరిట వదిలేసి గుండె మీద చెయ్యేసుకుంది. ఎప్పటి నుంచి అని అడిగింది. బయల్దేరింది మొన్న కాబట్టి "మొన్నటి నుంచి" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, వేలితో పైకి చూపిస్తూ ఇంకేదో అడిగింది. అది వాడికి అర్థం కాలేదు కానీ వేలు అర్థమైంది. అవునని తలూపి, అరచేయి చాపి నేల మీంచి మెల్లగా ఆకాశంలోకి లేపి చూపించాడు.

వార్డెనమ్మ ఒక్క అడుగులో వచ్చి పంతులమ్మను గుండెలకు హత్తుకుంది. తాళాల గుత్తి కడుపులో గుచ్చుకుంటున్నా పంతులమ్మకు ఆ కౌగిలి హాయిగానే ఉంది. కాసేపయ్యాక విడిపించుకుని, ఆమె ఏమడిగిందని వాణ్ణి అడిగింది.

"ఎలా వచ్చారని మేడం. విమానంలో అని చెప్పాను" అన్నాడు దుబాసీ, వినయంగా.

అక్కడి నుంచి పంతులమ్మకు చేయడానికి పనంటూ మిగల్లేదు. వసారాలో గోడ గీకడం మొదలెట్టేసరికి ఎవరో వచ్చి చేతిలోంచి గీకుడు పలక తీసేసుకున్నారు. రంగు డబ్బా మూత తెరవబోతే ఇంకెవరో మెత్త ఉన్న కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. ముసలివాళ్ళు కర్రలు తాటించుకుంటూ ఒక్కొక్కరే వచ్చి ఆమె చేతులు పట్టుకుని, తలలు అడ్డంగా ఊపి వెళ్ళారు. ఒక పెద్దాయన ఇస్త్రీ మడత విప్పని చేతిరుమాలు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఒక ముసలామె పక్కన కుర్చీ వేసుకుని, ఏమీ మాట్లాడకుండా, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని పూటంతా కూర్చుంది.

సేవ చేద్దామని వస్తే చేయించుకోవడమే సరిపోతోందని పంతులమ్మ పిల్లలతో చెప్పుకుని నొచ్చుకుంది. ఈ దేశంలో టీచర్లంటే మర్యాద కాబోలని దుబాసీ అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. కానీ ఆ ముసలామె చేతి వెచ్చదనం మాత్రం ఆమెను ఊరుకోనివ్వలేదు. మనసులో దాచుకున్నదాన్ని అడక్కుండానే ఎవరో పట్టుకుని కూర్చున్నట్టు ఉండేది. ఉండీ ఉండీ కళ్ళు నిండేవి. కళ్ళు నిండినప్పుడల్లా వసారా ఆ చివరి నుంచి ఈ చివరి వరకు అందరూ నిట్టూర్చేవారు. ఎంత సున్నితమైన మనుషులో అనుకుంది ఆమె.

భోజనాల వేళ వార్డెనమ్మ వచ్చి, ఆయన ఫోటో ఉందా అని సైగలతో అడిగింది. పంతులమ్మ సంబరంగా ఫోను తీసింది. మిషను ముందు కూర్చున్న ఆయనను ఒకసారి వెనక నుంచి పిలిచి, తల తిప్పగానే తీసిన ఫోటో అది. ఎవరిదో జాకెట్టు ఇంకా కాలేదని చెప్పబోతున్నట్టు ఉంటుంది మొహం. వార్డెనమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసి, పెదవి కొరుక్కుని, ఫోను ఒకసారి ఇమ్మని తీసుకెళ్ళింది. కాసేపటికి తిరిగి తెచ్చిచ్చింది. పక్కవాళ్ళకు చూపించి ఉంటుందనుకుంది పంతులమ్మ. తన భర్త మొహంలో ఇంత ముచ్చటపడే సంగతి ఉందని పరాయి దేశం వచ్చాక తెలియడం ఆమెకు గర్వంగానూ, కొంచెం గుబులుగానూ అనిపించింది.

వార్డెనమ్మ మంచి మనిషే కాదు, పద్ధతి గల మనిషి కూడా. పెద్ద పట్నంలో ఉన్న మిషన్ ఆఫీసుకు ఫోన్ చేసి, వచ్చిన పంతులమ్మ భర్త పోయాడని, సాయంత్రం ఇక్కడ ఆయన కోసం ప్రార్థన పెడుతున్నామని ఆమె ఊళ్ళో వాళ్ళకు తెలియజేయమని చెప్పింది. పట్నంలో ఫోనెత్తినాయన ఇంకో భాషలో ఇంకొకరికి చెప్పాడు. వాళ్ళు మన ఊరి మిషన్ ఆఫీసుకు ఫోన్ చేశారు. పంతులమ్మ, భర్త, పోవడం, ప్రార్థన అన్న నాలుగు మాటలూ జారిపోకుండా చేరాయి. వాటిని కలిపి కుట్టిన దారం మాత్రం మధ్యలో తెగింది. పంతులమ్మ పోయిందని, భర్తకు తెలియజేయాలని, సాయంత్రం ప్రార్థన అని గుమాస్తాకు అర్థమైంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, చెప్పులేసుకుని, టైలరు దుకాణం వైపు నడిచాడు.

ఇక్కడ పంతులమ్మను బలవంతంగా గదిలోకి పంపి పడుకోబెట్టారు. ఆమె లేచేసరికి ఎండ వాలింది. హాల్లోంచి సన్నగా మాటలు వినిపించాయి. పాటల కార్యక్రమం తాను లేకుండానే మొదలెట్టేశారేమోనని చీర సర్దుకుని గబగబా వెళ్ళింది.

హాలు నిండా జనం. ఆశ్రమం వాళ్ళే కాదు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా ముదురు రంగు బట్టల్లో వరసగా కూర్చున్నారు. ఎదురుగా తెల్లగుడ్డ పరిచిన బల్ల. బల్ల మీద నిలువెత్తు పువ్వుల గుత్తులు, వెలుగుతున్న కొవ్వొత్తి. వాటి మధ్య, చట్రం కట్టిన పెద్ద ఫోటోలో, ఇంకా కాలేదని చెప్పబోతున్న ఆయన.

ఫోటో ముందు పువ్వులు ఉంటే దానర్థమేమిటో పంతులమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దుటి నుంచి జరిగిందంతా ఒక్కసారిగా తేటపడింది. పని చేయనివ్వకపోవడం, కుర్చీ, చేతిరుమాలు, ఆ ముసలామె పూటంతా చెయ్యి వదలకపోవడం. వీళ్ళందరికీ తెలుసు. ఊరి నుంచి కబురొచ్చింది. తనకు ఎలా చెప్పాలో తెలియక ఇంతసేపూ దాచారు.

పిల్లలు గోడవారగా బిక్కచచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళూ ఫోటో చూసి అదే అనుకున్నారు. పంతులమ్మ దుబాసీ వైపు తిరిగింది. "అడుగు. ఆయన లేరా?" అంది.

వాడు వెళ్ళి వార్డెనమ్మను అడిగాడు. "భర్త లేడా?"

పొద్దున వీడే కదా చెప్పాడు అని వార్డెనమ్మ ఒక్క క్షణం విస్తుపోయింది. దుఃఖంలో మనుషులు తెలిసిన సంగతినే మళ్ళీ మళ్ళీ అడుగుతారని ఆమెకు తెలుసు. జాలిగా, మెల్లగా తల ఊపి, "లేడు" అంది. ఆ ఒక్క మాటకు దుబాసీ అవసరం పంతులమ్మకు కలగలేదు.

ఆమె హాల్లోంచి బయటికొచ్చి ఆయనకు ఫోన్ చేసింది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ ఫోను దుకాణంలో కత్తెర పక్కన మోగుతోందని, గుమాస్తా తెచ్చిన కబురు విన్న ఆయన దాన్ని అక్కడే వదిలేసి వీధి వాళ్ళతో మిషన్ ఆఫీసుకు పరుగెత్తారని ఆమెకు తెలిసే దారి లేదు. మూడోసారి కూడా ఎవరూ ఎత్తకపోయేసరికి వసారా చివర రంగు డబ్బాల మధ్య నేల మీద కూలబడింది.

ఆయన ఆఖరిగా అన్న మాట ఏమిటా అని వెతుక్కుంది. 'సరే'. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాటను ఎన్నిసార్లు దెప్పిపొడిచిందో లెక్కలేదు. ఇప్పుడు దాన్నే పదేపదే చెవిలో వినాలని ప్రయత్నిస్తే, ఆ గొంతు సరిగ్గా గుర్తుకు రావడం లేదు. మిషను చప్పుడు గుర్తొస్తోంది. మలుపు దగ్గర ఆగడం గుర్తొస్తోంది. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు ఆయన మాట కోసం ఎదురుచూడటంతోనే సరిపోయింది, ఆయన వైపు సరిగ్గా చూసిందే లేదు అనిపించింది.

బుడ్డి వచ్చి పక్కన కూర్చుంది. ఏం చేయాలో తెలియక కాసేపు చేతులు నలుపుకుంది. తర్వాత పంతులమ్మ తలను తన చిన్న భుజం మీదికి లాక్కుని, "ఏడవండి మేడం. నేనెవరికీ చెప్పను" అంది.

అలా ఎంతసేపు ఉన్నారో. ఫోను మోగింది. తెర మీద ఆయన పేరు. దుకాణం పక్కవాళ్ళెవరో ఆయన ఫోనులోంచి చేస్తున్నారనుకుంది పంతులమ్మ. ఎత్తింది.

"అమ్మా, మీరెవరో నాకు తెలీదు" అంది అవతల గొంతు, బొంగురుగా. "ఇందాక మీరు చేసిన ఫోను మా ఆవిడది. మీకు తెలుగొస్తుందా?"

"ఆఁ" అంది పంతులమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు ఆమెకే తెలియనట్టుంది. విన్న మాటలు తలకెక్కలేదు గానీ, అవతలిది ఆయన గొంతులాగే ఉంది. కానీ ఆయన తమ్ముడి గొంతు కూడా అలాగే ఉంటుంది. పైగా ఆయన మూడు వాక్యాలు వరసగా మాట్లాడటం ఆమె ఎన్నడూ విని ఎరగదు.

"నాకొక్క సాయం చెయ్యండమ్మా. ఆవిడ పెట్టెలో అడుగున ఆకుపచ్చ జాకెట్టుంటుంది. నేనే పెట్టాను. తనకి చెప్పలేదు. ఆఖరికి అదే వెయ్యమని అక్కడ వాళ్ళతో చెప్పండి. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే చంకలో పట్టేస్తోందని ఎప్పుడూ నాతో పోట్లాడేది. ఇది వదులుగా కుట్టాను. ఊరందరివీ కుట్టి కుట్టి ఆవిడది ఎప్పుడూ ఆఖరికే పెట్టేవాణ్ణి. ఇదొక్కటీ అందరికంటే ముందు కుట్టాను. తిరిగొచ్చాక చెబుదాంలే అనుకున్నాను. నిన్నట్నుంచి పక్కన టీ గ్లాసు పెట్టే చప్పుడు లేక కుట్టు వంకరపోతోందమ్మా."

పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. వసారా, రంగు డబ్బాలు, బుడ్డి మొహం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ కళ్ళకు కనిపించసాగాయి.

"ఆ జాకెట్టు నేను తేలేదండీ" అంది మెల్లగా.

అవతల కత్తెర కింద పడ్డ చప్పుడైంది.

"ఎవరో కస్టమర్‌ది పొరపాటున నా బట్టల్లో కలిసిందనుకుని తీసి బీరువాలో పెట్టేశాను."

తర్వాత ఆయన, అచ్చంగా ఆయన గొంతుతోనే, "కొలత చూస్తే తెలీదూ ఎవరిదో?" అన్నారు.

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి ఏమేం మాట్లాడారో బుడ్డికి కూడా పూర్తిగా అర్థం కాలేదు. ఆమె పోయిందని గుమాస్తా వచ్చి చెప్పాడని ఆయన, ఆయన ఫోటోకు ఇక్కడ పువ్వులు పెట్టారని ఆమె. తానెందుకు పోతానని ఆయన, మరి ఫోన్ ఎందుకెత్తలేదని ఆమె. వీధిలో వాళ్ళంతా వచ్చి దుకాణంలో కూర్చున్నారని ఆయన, ఇక్కడ హాలంతా నిండిపోయిందని ఆమె. చివరికి మాటలు అయిపోయి, రెండు వైపులా ముక్కు చీదుకునే చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది. దుబాసీ చెంపలేసుకుంటూ వచ్చి, తాను పొద్దున ఏమన్నాడో, ఆ వేలు ఎటు చూపిందో ఒప్పుకున్నాడు. పంతులమ్మకు వాణ్ణి తిట్టడానికి ఓపిక లేదు. అయినా మొదట 'ఆయన లేరు' అన్నది తానే.

ఇక మిగిలింది హాల్లో వాళ్ళకు చెప్పడం. దుబాసీ వెళ్ళి ఫోటో పక్కన నిలబడి, రెండు చేతులూ ఎత్తి, "భర్త ఉన్నాడు" అన్నాడు.

హాలంతా తలలు వంచి "ఆమెన్" అంది.

వాడు కంగారుపడి, "నిజంగా ఉన్నాడు" అన్నాడు, ఇంకొంచెం గట్టిగా. ఇంత చిన్న వయసులో ఇంత విశ్వాసమా అని ముసలివాళ్ళు కదిలిపోయారు. ఈసారి 'ఆమెన్' మరింత గట్టిగా వచ్చింది. వెనక వరసలో ఒకావిడ లేచి స్తుతిగీతం అందుకుంది. అందరూ లేచి నిలబడి పాడారు. గోడవారన ఉన్న పిల్లలు కూడా ఊరుకుంటే బాగుండదని గొంతు కలిపారు. భర్త ఉన్నాడని దుబాసీ అన్న ప్రతిసారీ పాట ఇంకో చరణం సాగింది.

పంతులమ్మకు వేరే దారి తోచలేదు. ఆయనకు వీడియో కాల్ చేసి, ఫోను పట్టుకుని నేరుగా వార్డెనమ్మ ముందుకెళ్ళి నిలబడింది. తెర మీద మొహాన్ని వార్డెనమ్మ చూసింది. బల్ల మీద ఫోటోను చూసింది. మళ్ళీ తెరను చూసింది. తెర మీది మొహం కళ్ళార్పింది. పాట ముందు వరసలో ఆగింది, తర్వాత రెండో వరసలో, ఆఖరికి వెనక వరసలోనూ ఆగింది.

ఆయన వెనక దుకాణం నిండా వీధి వాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలో మిషన్ ఆఫీసు గుమాస్తా, ఆ పక్కన తువ్వాలు నోట్లో కుక్కుకుని క్షౌరశాల ఆయన. ఆమె పోయిందని ఏడ్చిన జనం అటు, ఆయన పోయాడని ఏడ్చిన జనం ఇటు, ఎర్రబడిన కళ్ళతో ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా నవ్వింది పూటంతా పంతులమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్న ముసలామె. ఆమె ఆశ్రమంలో చేరినప్పటి నుంచి నవ్వగా చూడలేదని తర్వాత వార్డెనమ్మ చెప్పింది.

వార్డెనమ్మ మాత్రం నవ్వలేదు. ఫోనును రెండు చేతులతో పట్టుకుని, టైలరుగారిని మొహం మీదే చాలాసేపు ఏదో కేకలేసింది. మధ్యలో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. ఏమంటోందని ఆయన అడిగితే దుబాసీ తనకు తెలిసినంతలో కుదించి, "జాగ్రత్తగా ఉండమంటున్నారు సార్" అన్నాడు.

గొడవ సద్దుమణిగాక పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మీ వారేం చేస్తారని దుబాసీ చేత అడిగించింది. వార్డెనమ్మ "లేడు" అంది. దుబాసీకి ఆ మాట మీద ఇప్పుడు చాలా భయం. ఎలా లేడు, ఏ రకంగా లేడు అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆమె వేలు మెల్లగా పైకి లేచింది. ఈసారి అది విమానం కాదని అందరికీ అర్థమైంది. మనసు బాగాలేని మనిషి చేతిలోంచి ఏ పని లాగేసుకోవాలో, పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో ఆమెకు అంత బాగా ఎలా తెలుసో పంతులమ్మకు అప్పుడు తెలిసింది. పొద్దున వార్డెనమ్మ తనను పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుంది. తాళాల గుత్తి మళ్ళీ గుచ్చుకుంది.

వచ్చినవాళ్ళ కోసం చేసిన రొట్టెలూ టీ వృథా పోనివ్వలేదు. బల్ల మీంచి ఫోటో తీసేసి, అక్కడే ప్లేట్లు పెట్టారు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఇళ్ళకు పోకుండా, దూరంగా ఉన్న తమ పిల్లల ఫోటోలూ తమ్ముళ్ళ ఫోటోలూ తీసి కాలేజీ పిల్లలకు చూపిస్తూ కూర్చున్నారు. ఎవరున్నారో ఎవరు లేరో దుబాసీ ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగి మరీ తెలుసుకున్నాడు. పంతులమ్మ బుడ్డిని పిలిచి, వాళ్ళమ్మకు ఫోన్ చేసుకోమంది. ఎంతసేపైనా మాట్లాడుకోమంది. మిగిలిన పిల్లలు అది విని, ఒక్కొక్కరే ఫోనులు పట్టుకుని తలో మూలకూ వెళ్ళారు. కాసేపట్లో హాలు నాలుగు మూలల నుంచీ, అన్నం తిన్నావా అంటే తిన్నానన్న మాటలు ముక్కు ఎగబీల్పులతో కలిసి వినిపించాయి.

ఆమె తన ఫోను తీసుకుని వసారాలోకొచ్చింది. ఆయన ఇంకా లైన్లోనే ఉన్నారు. వెనక దుకాణం ఖాళీ అయింది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన గడ్డం గీసుకోలేదని, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నారని ఆమె చూసింది. ఎప్పుడూ ఇంత సేపు ఆయన మొహం వంక చూడలేదు.

"ఏమండీ" అంది. "ఇందాక ఆ తెలియని ఆవిడతో ఏవో చెప్పారు కదా. అవి ఒక్కసారి నాతో చెప్పండి."

ఆయన తలొంచుకుని మెడలోని టేపు సర్దుకున్నారు. ఏవో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశారు. "ఏం చెప్పానూ?" అన్నారు.

"కుట్టు వంకరపోతోందన్నారు."

"ఊఁ" అన్నారు ఆయన. మళ్ళీ టేపు సర్దుకుని, "ఫోనులో ఛార్జింగ్ అయిపోతోంది, పెట్టేస్తున్నా" అని పెట్టేశారు.

దుకాణంలో ఆయన ఫోను ఎప్పుడూ ఛార్జరుకే తగిలించి ఉంటుంది.